ఎండల కోటు

ఎండాకాలంలో మగవాడు కోటు తొడుక్కోవచ్చునా, తొడుక్కుంటే ఏ గుడ్డది తొడుక్కోవాలె అనేది బట్టల కొట్టుకాడ తేలిపోయే ముచ్చటలాగ కనిపిస్తుంది. పుట్టుకతోనే భుజమ్మీద తువ్వాల వేసుకునే హక్కు తెచ్చుకున్నవాళ్ళకు అది అంతవరకే. మాకు అక్కడ తెగదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ - ఈ మూడు ఊళ్ళ కోర్టులు, సభలు, పెండ్లిళ్ళు పట్టుకొని ఇరవై అయిదేండ్లుగా తిరుగుతున్న మాదిగ వకీలును నేను. తిరిగిన ప్రతిచోటా వేసవి వచ్చిందంటే ఒకటే ప్రశ్న: "ఎండల కోటేంది?"

ఈ మాట నన్ను ముఖ్యంగా ముగ్గురు అడిగారు. నాతోపాటు నల్లకోటు వేసుకునే ఒక పెద్దకులం వకీలు అడిగాడు. ప్రజాసంఘంలో నాతో ఏండ్ల తరబడి కలిసి నడిచిన ఒక కామ్రేడ్ అడిగాడు. మా అక్క అడిగింది. మాట ఒక్కటే గాని ముగ్గురూ అడిగింది ఒకటి కాదు. దీన్ని చిక్కు తీసుకోకుండా మనం ఏప్రిల్ 14 నాడు ఏం తొడుక్కోవాలో కూడా తేల్చుకోలేమని నాకనిపిస్తుంది.

ముందు ఎండ సంగతి. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద సూర్యాపేట దాటినాక నీడ కోసం కండ్లు కాయలు కాస్తాయి. మిర్యాలగూడ దిక్కు సాగర్ ఎడమకాలువ ఉంది గాని మే నెలలో కాలువ ఉన్నా లేనట్టే. పైగా రైసుమిల్లుల వేడి, ఊక దుమ్ము. హుజూర్‌నగర్, మట్టంపల్లి పక్క సున్నపురాయి నేల, సిమెంటు ఫ్యాక్టరీలు. 44, 45 డిగ్రీలు మాకు వార్త కాదు. 2015 మే నెలలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువమంది ఎండలో పనిచేసే కూలీలు, ముసలోళ్ళు. అంటే మనోళ్ళు. కనుక ఎండను తేలిగ్గా తీసిపారేసి ఆత్మగౌరవం గురించి ఉపన్యాసం చెప్పేవాణ్ణి కాదు నేను.

అయితే గుడ్డ సంగతి ఎండకన్న పాతది. మా తాత చెప్పులు కుట్టేవాడు. ఊరి దొరకు కిర్రు చెప్పులు కుట్టేవాడు. తోలు నానబెట్టి, ఆముదం పట్టించి, దొర నడుస్తుంటే వీధి చివరిదాకా కిర్రుకిర్రుమని వినిపించేటట్టు కుట్టాలె. ఆ చెప్పులు చేతుల్లో పెట్టుకొని గడీకి పోయేటప్పుడు ఆయన కాళ్ళకు మాత్రం ఏమీ ఉండొద్దు. మే నెలయినా అంతే. దొర ఎదురుపడితే భుజం మీది తువ్వాల నడుముకు రావాలె. ధోతి మోకాలు దాటొద్దు. ఇవి ఏ కచ్చేరిలోనూ రాసిపెట్టిన కానూన్లు కావు. రాయకపోయినా తప్పితే వీపు పగిలేవి. మా దగ్గరే కాదు, తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు రొమ్ము మీద గుడ్డ కప్పుకోవడానికి దశాబ్దాలపాటు కొట్లాడితే 1859లో గాని అక్కడి రాజు ఒప్పుకోలేదు, అదీ పెద్దకులం ఆడవాళ్ళ లాగ కప్పుకోవద్దనే షరతు మీద. ఈ దేశంలో గుడ్డ అంటే మానం కప్పుకునేది మాత్రమే అని చదువుకున్నవాళ్ళు ఇంకా ఎట్ల అంటారో నాకు అర్థం కాదు.

ఇప్పుడు వకీలు దగ్గరికి వస్తాను. బార్ కౌన్సిల్ నిబంధనల్లో సుప్రీంకోర్టు, హైకోర్టులు తప్ప మిగతా కోర్టుల్లో వేసవిలో నల్లకోటు తప్పనిసరి కాదని ఉంది. మంచి రూలే. ఏప్రిల్ రాగానే మా బార్‌లో కోట్లన్నీ కుర్చీల వీపులెక్కుతాయి. ఒక ఏడు నేనూ తీసేసిన. ఆ వారంలోనే ఒక కోర్టు హాలు గుమ్మం కాడ అటెండరు నా ఛాతికి చెయ్యి అడ్డం పెట్టి "పార్టీలు బయట నిలబడాలె" అన్నాడు. నా మెడకు బ్యాండు ఉంది, చేతిలో ఫైలు ఉంది. నాకు ముందే కోటు లేని వకీళ్ళు ఇద్దరు అదే గుమ్మంలోంచి లోపలికి పోయారు. వాళ్ళకు ఏ చెయ్యీ అడ్డం రాలేదు. పేరు పిలుస్తున్నారు, నా కక్షిదారు లోపల బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉన్నాడు. నేను బయట నా కులాన్ని కాదు, నా ఎన్‌రోల్‌మెంటు నంబరు చెప్పుకుంటూ నిలబడ్డ. మరునాటి నుంచి 44 డిగ్రీల్లో కూడా కోటు విప్పలేదు.

"ఎండల కోటేంది, తీసెయ్యరాదూ" అని ఆ పెద్దకులం మిత్రుడు అన్నది ఆ రోజుల్లోనే. ఆయన చెడ్డవాడు కాదు. నా మేలు కోరే అన్నాడు. అయితే ఆయన కోటు విప్పినా కింద ఇంకొక కోటు ఉంటది. ఆ రంగు, ఆ నడక, పేరు చివర తోక, గుమ్మం కాడ ఆగకుండా లోపలికి పోయే అలవాటు. అది ఎండకు ఉక్కపోయదు, చలికి వణకదు. అది ఉన్నవాడికి నల్లకోటు బరువే గద మరి.

మంచి గుడ్డ కడితే కులం దాగుతుందా అంటే అదీ లేదు. బాబాసాహెబ్ తన చిన్నప్పటి ముచ్చట రాసుకున్నాడు. 1901లో, తొమ్మిదీ పదేండ్ల వయసులో, అన్నతోనూ అక్క కొడుకులతోనూ కలిసి సతారా నుంచి తండ్రి దగ్గరికి పోతూ మసూర్ స్టేషన్లో దిగారు. ప్రయాణం కోసం కొత్త చొక్కాలు, కొత్త చెప్పులు, పట్టంచు ధోతులు, మెరిసే టోపీలు. ఆ బట్టలు చూసి స్టేషన్ మాస్టరు బ్రాహ్మణ పిల్లలనుకున్నాడు, దయగా పలకరించాడు. మేము మహర్లం అని నోట్లోంచి మాట రాగానే ఆయన మొహం మారిపోయింది, వెనక్కి నడిచిపోయాడు. బట్టలు పనిచేసినయి, నోరు తెరిచేదాకా. 1917లో బరోడాలో కొలంబియా చదువు చదివొచ్చిన మనిషిని పార్సీ సత్రంలోంచి కర్రలు పట్టుకొని వెళ్ళగొట్టారు. చదువూ పనిచెయ్యలేదు. 1991లో చుండూరులో సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ ఎంతదూరం పోయిందో ఈ పుస్తకం చదివేవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. 2018 సెప్టెంబరులో మా మిర్యాలగూడలో, పట్టపగలు, ఆస్పత్రి నుంచి గర్భిణి అయిన భార్యతో బయటికొస్తున్న మా పిల్లగాణ్ణి నరికి చంపిన నాడు ఆ పిల్లగాడి చదువుగాని, ఇల్లుగాని, మంచి బట్టగాని అడ్డం రాలేదు. కోటు కవచం అనుకొని వేసుకునేవాళ్ళెవరైనా ఉంటే ఆ ఆశ వదులుకోవాలె.

మరి ఎందుకు వేసుకోవాలె? ఇక్కడే మా కామ్రేడ్ వస్తాడు.

ఆయన ఏమంటాడంటే, ప్రజల కోసం పనిచేసేవాడు వేషంలోనూ ప్రజల్లో కలిసిపోవాలె, కోటు వలసవాద అవశేషం, పైగా ఈ ఎండలో అది శరీరానికి హింస. గాంధీ 1921 సెప్టెంబరులో మధురలో చొక్కా విప్పి అంగవస్త్రానికి దిగాడని మనం చదువుకున్నాం. కామ్రేడ్ గాంధీని ఒప్పుకోడు గాని ఈ ఒక్క విషయంలో ఇద్దరూ ఒక్కటే. మా జిల్లాలో పోరాట కాలం నుంచి ఒక సాదాతనపు సంప్రదాయం ఉంది, దాన్ని నేను తక్కువ చెయ్యను. పుచ్చలపల్లి సుందరయ్య పేరు చివరి రెడ్డిని తీసేసుకున్నాడు, ఆస్తి వదులుకున్నాడు. గొప్ప పని. అయితే తీసేసుకోవడానికి ఆయనకు ఒక తోక ఉంది. విప్పేయడానికి గాంధీకి ఒక చొక్కా, ఒక తలపాగా, అంతకుముందు లండన్ బారిస్టరు సూటు ఉన్నాయి. మా తాత మోకాలి పైకి కట్టిన ధోతిని ఎవరూ త్యాగం అనలేదు. ఎవరూ ఫొటో తియ్యలేదు.

"ప్రజల్లో కలిసిపోవాలె" అంటాడు. నేను ప్రజల్లోంచి బయటికి ఎప్పుడు పోయిన, మళ్ళీ కలవడానికి? మా వాడలో నేను కోటు తొడుక్కొని దిగితే ముసలోళ్ళు దగ్గరికొచ్చి గుడ్డ పట్టుకొని చూస్తారు. "మనోడే" అంటారు. వాళ్ళకు అడ్డం రాని కోటు కామ్రేడ్‌కు ఎందుకు అడ్డం వస్తుందో ఆయనే ఆలోచించుకోవాలె. 1927 డిసెంబరులో మహద్‌లో బాబాసాహెబ్ ఆడవాళ్ళను కూచోబెట్టి చెప్పింది ఇదే గదా. మీ కులం తెలిసేటట్టు చీర కట్టొద్దు, ఒంటి మీద బరువు నగలు దించెయ్యండి, పెద్దకులాల ఆడవాళ్ళు కట్టినట్టు కట్టండి అని. చెరువు నీళ్ళ కోసం పోయిన ఉద్యమంలో చీరకట్టు గురించి మాట్లాడడం ఆయనకు చిన్నతనం అనిపించలేదు.

కాని కామ్రేడ్ మాటలో నిజం ఒకటుంది. దాన్ని దాచిపెట్టి గెలవడం నాకిష్టం లేదు. "చౌరస్తాల నిలబడ్డ బాబాసాహెబ్ విగ్రహానికి చెమట పట్టదు. నీకు పడతది" అన్నాడాయన. ఒక జయంతి నాడు ఊరేగింపు నడుస్తోంది. మిట్టమధ్యాహ్నం. డప్పులు ముందు, పిల్లలు వెనక. డిగ్రీ చదివే పిల్లగాడొకడు నీలం కోటు, నీలం ప్యాంటు, ఎర్ర టై వేసుకొని జెండా పట్టుకొని నడుస్తూ నడుస్తూ కండ్లు తిరిగి పడిపోయాడు. నీడకు మోసుకుపోయి గుండీలు విప్పితే అస్తరు గుడ్డ చర్మానికి బంకలాగ అతుక్కుపోయి ఉంది. పెండ్లిళ్ళకు కిరాయికిచ్చే పాలిస్టర్ కోటు అది, కింద మళ్ళా పాలిస్టర్ చొక్కా. నీళ్ళు తాగించి కోటు తీయబోతే వాడు నా చెయ్యి పట్టుకున్నాడు. "తియ్యకన్నా, ఇంకా ఫొటో దిగలేదు" అన్నాడు.

ఆ పిల్లగాడు బతికి బాగానే ఉన్నాడు, ఇప్పుడు ఎక్కడో ఉద్యోగం చేస్తున్నాడు. కాని ఆ మాట నన్ను వదల్లేదు. ఎంత ఎండయినా ఓర్చుకుంటాం, కోటు విప్పం అనేది వినడానికి రోషంగానే ఉంటుంది. కొంచెం లోపలికి పోతే భయమేస్తుంది. ఎందుకంటే మా ఒళ్ళు ఎంతయినా ఓర్చుకుంటుందని మొదట అన్నది మేము కాదు. "వాళ్ళకు ఎండ అలవాటేలే" అన్నది పొలం గట్టు మీద చెట్టు కింద కూచున్నవాడు. ఆ ఒక్క మాట మీద ఎన్ని వందల ఏండ్ల వెట్టి నడిచింది! మా తాత అరికాళ్ళు కాలవు అనుకున్నారు. మా అమ్మ వీపుకు సెగ తగలదు అనుకున్నారు. పని చేయించుకునేవాడికి ఆ నమ్మకం చాలా అవసరం. అంటరానితనం అంటే ముట్టుకోకపోవడం ఒక్కటే అనుకుంటాం. ముట్టుకోని ఒంటికి నొప్పి ఉంటుందని ఒప్పుకోకపోవడం కూడా అందులోదే. మరి ఇప్పుడు మేమే, బాబాసాహెబ్ పేరు మీద, మాకు ఎండ తగలదు అన్నట్టు నడిస్తే ఆ చెట్టు కిందివాడి మాట నిజం చేసినట్టు కాదా?

అందుకే నేను తేలిక కోటు కుట్టించుకోవడం సర్దుబాటు అనుకోను. నా చర్మానికి ఎండ తగులుతుంది, నాకు ఉక్కపోస్తుంది, నాకూ గాలి కావాలె అని నలుగురిలో చెప్పడం అది. కోటూ కావాలె, గాలీ కావాలె. రెంట్లో ఒకటి ఎంచుకోమనే హక్కు ఎవరికీ లేదు. బాబాసాహెబ్ కూడా ఎప్పుడూ లండన్ సూటులో బిగుసుకొని ఉండలేదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో దీక్ష తీసుకున్ననాడు ఆయన ఒంటి మీద తెల్లటి ధోతి, తెల్లటి కోటు. ఆ ఫొటో మన ఇండ్లల్లో తక్కువ, నీలం కోటు ఫొటో ఎక్కువ.

ఇక గుడ్డ. విద్యార్థులు నన్ను సభ అయిపోయినాక అడిగేది ఇదే, సిగ్గుపడుతూ అడుగుతారు. సిగ్గెందుకు?

సూర్యాపేటలో నాకు కోట్లు కుట్టే దర్జీ ఒక ముసలి సాయిబు. "వకీల్ సాబ్, గుడ్డను నోటి దగ్గర పెట్టి ఊదండి. అవతల చేతికి గాలి తగిలితే తీసుకోండి. తగలకపోతే అది సంచి గుడ్డ" అన్నాడు. నేను చదివిన వివరాలన్నీ కలిపినా ఆ మాటకు ఎక్కువ రాలేదు. దీపానికి అడ్డం పెడితే నేత సందుల్లోంచి వెలుతురు కనిపించాలె. సాదా నేత, అంటే ఒక పోగు పైన ఒక పోగు కింద వేసే నేత, వేసవికి మేలు. మెరుపు కోసం దట్టంగా నేసినవి పనికిరావు. చలిదేశాల కోటు గుడ్డ చదరపు మీటరుకు 350 గ్రాములు, ఆపైన ఉంటుంది. మనకు 200 నుంచి 250 గ్రాముల మధ్య చాలు. పాలిస్టర్ చెమటను తాగదు, చర్మం మీదే నిలబెడుతుంది. నూలు తాగుతుంది గాని తొందరగా ఆరదు. అవిసె నారతో నేసిన లినెన్ తాగుతుంది, తొందరగా ఆరుతుంది కూడా. సన్న ఉన్ని అంటే జనం నవ్వుతారు, ఎండల ఉన్నేందని. గొంగడి కప్పుకున్న కురుమలను చూడరా? ఎండకూ అదే, వానకూ అదే. పలచగా నేసిన ఉన్ని చెమట ఆవిరిని తీసుకొని బయటికి వదులుతుంది, ఒంటికి అంటుకోదు, ముడత తనంతట తనే పోతుంది. ధర మాత్రం కూలోడి ధర కాదు.

లినెన్ సంగతిలో ఇంకో కిటుకు ఉంది, అది ఏ దర్జీ చెప్పడు. లినెన్ కూచొని లేచేలోపల ముడతలు పడుతుంది. పెద్దమనిషి ఒంటి మీద ఆ ముడత షోకు. అదే ముడత నా ఒంటి మీద ఉంటే "ఇస్త్రీ కూడా చేసుకోలేదు" అంటారు. ఒక్క కోటుకు రెండు తీర్పులు. నేను తీర్పులకు భయపడి లినెన్ మానుకోలేదు గాని, కోర్టుకు సన్న ఉన్ని, సభలకు లినెన్ అని పెట్టుకున్న. భయం కొంచెం ఉందని ఎవరైనా అంటే కాదనను.

అసలు ఉడుకంతా అస్తరులో ఉంటుంది. పైగుడ్డ ఎంత మంచిదైనా లోపల నిండుగా పాలిస్టర్ అస్తరు వేస్తే ఆ పిల్లగాడి గతే. వీపు దగ్గర అస్తరు తీసేయించి భుజాలకు, చేతులకు మాత్రం వేయించాలె. భుజాల్లో దూది మెత్తలు వద్దనాలె. చంకల దగ్గర, నడుము దగ్గర కొంచెం వదులు. ఆకాశం రంగో, బూడిద రంగో, గోధుమ రంగో అయితే మధ్యాహ్నం సభకు మంచిది. ముదురు నీలం సాయంత్రానికి. నీలం మన జెండాలో ఉంది, కోటులో లేకపోతే ఉద్యమం ఆగదు.

డబ్బుల్లేని పిల్లలేం చెయ్యాలె? ఇక్కడ నాకు కోపం వస్తుంది. పత్తి పండేది మా జిల్లాలో, ఏరేది మా ఆడోళ్ళు. పుట్టపాకలో, గట్టుప్పల్‌లో, పోచంపల్లిలో, కొయ్యలగూడెంలో మగ్గాలున్నయి. అయినా కోదాడలో ఒక కూలీ కొడుకుకు చవకగా దొరికేది పాలిస్టరే. గాలి ఆడే గుడ్డకు ఎక్కువ ధర, ఊపిరాడనిదానికి తక్కువ ధర. వాడు ఆ కిరాయి కోటే వేసుకొని వస్తే నేను నవ్వను, నవ్వినవాణ్ణి ఊరుకోను. చేనేత నూలు గుడ్డ మందంది తీసుకొని, అస్తరు లేకుండా కోటు కుట్టించుకోమని మాత్రం చెప్తాను. తయారు సూటుకన్న అగ్గువలో పడుతుంది. మోచేతుల దగ్గర ఉబ్బుతుంది, ఉబ్బనీ.

చివరికి మా అక్క. ఆమె ఇప్పటికీ కూలికి పోతుంది. పత్తి ఏరనీకి, నాటెయ్యనీకి పోయే ఆడోళ్ళందరి లాగనే చీర మీద మగవాళ్ళ పాత చొక్కా తొడుక్కుంటది. నిండు చేతులు, మెడదాకా గుండీలు, తలకు తువ్వాల. ఒంటిని కప్పితేనే ఎండ తక్కువ తగులుతదని ఏ పుస్తకమూ చదవకుండా తెలిసిన మనిషి. ఈ దేశంలో వేసవికి సరైన మగబట్ట ఏదో మొదట కనిపెట్టింది పొలాల్లోని ఆడోళ్ళేనని నా లెక్క. లినెన్ కోటు తొడుక్కొని పోయి చూపిస్తే ఆమె అడిగింది, "ఎండల కోటేంది తమ్మీ, ఎవలకు చూపియ్యనీకి?"

వకీలుకు చెప్పినట్టు ఆమెకు చెప్పలేం. ఎవలకూ కాదంటే అబద్ధమైతది. అటెండరుకు చూపియ్యనీకి అంటే ఆ అటెండరు కోసం నేను బట్టలు కుట్టించుకుంటున్నట్టు అయితది. "నాకే, అక్కా" అన్న. ఆమె నమ్మలేదు. కోటు అంచు రెండు వేళ్ళతో నలిపింది, వీపు మీద చెయ్యి పెట్టి చూసింది, లోపల అస్తరు లేదని గుర్తుపట్టింది. "గాలి ఆడుతది" అంది. తర్వాత, "కొత్తది గదా, కొరుకుతది. పది ఉతుకులు పడాలె" అంది.

ఆ గుడ్డలోంచే మీటరున్నర మిగిలితే ఆమెకు ఒక చొక్కా కుట్టిస్తానన్న. సగం మురిసింది, సగం తిట్టింది. పొలంలకు గింత మంచి గుడ్డ ఎవలన్న ఏస్తరా అంది. నువ్వెయ్యి అన్న. చాలాసేపు వాదులాడుకున్నాం. ఆఖరుకు ఒప్పుకుంది గాని, జేబు బయటికి వద్దంట, లోపలికి పెట్టాలంట. ఫోను, ఆకు వక్క సంచి, ముఠా పైసలు పట్టేటంత. దర్జీకి చెప్తే ఆడమనిషి కొలతలకు మగ చొక్కా ఎట్ల కుట్టాలె వకీల్ సాబ్ అని తల గోక్కున్నాడు, ఆమెనే తోలుకురమ్మన్నాడు. ఆదివారం కూలి లేకపోతే వస్తనన్నది.